వాన లేని నెలలో వరద వెంట

సోమవారం, తిరుపతి

"మే నెలలో వరద స్టోరీ ఏంది తల్లీ, పెగ్ ఏముంది?" అని మా డెస్క్ ఇన్‌చార్జి నవ్వాడు. వార్తను ఇప్పుడే వేయడానికి ఉండాల్సిన సందర్భాన్ని మేం పెగ్ అంటాం. ఆయన్ని తప్పుపట్టలేను. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినప్పుడు మేం ఉరుకులు పరుగుల మీద వస్తాం, ఇళ్ళల్లో బురద కడిగేలోపు సర్దుకుని వెళ్ళిపోతాం. కానీ వంక ఎక్కడ పూడిపోయిందో, కట్ట ఎక్కడ గుల్లబారిందో కనబడేది ఎండల్లోనే. వరదప్పుడు వెళ్తే కనబడేవి నీళ్ళే. నాలుగు రోజుల ముందే లీవు పెట్టుకున్న మా ఫోటోగ్రాఫర్‌ని బతిమాలి, రేణిగుంటలో రైలు దిగేసరికి పొద్దున ఎనిమిదికే చెమటలు పడుతున్నాయి.

మేం వెతుకుతున్నది తిరుపతిని ముంచిన 2021 నవంబర్ వరద సంగతి. ఆ నెల 11న ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. చెరువులు, కుంటలు అప్పటికే నిండిపోయాయి. వారం తిరక్కుండానే ఇంకొకటి వచ్చి 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరికి, చెన్నైకి మధ్య తీరం దాటింది. అంతకు ముందు సాయంత్రం నుంచే శేషాచలం కొండల మీద కుండపోత మొదలైంది. రెండూ వాయుగుండాలే, పేరు పెట్టే స్థాయికి రాలేదు. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుపాను అంటారు, అప్పుడే దానికో పేరు. పేరొస్తే టీవీలు మేలుకుంటాయి, కంట్రోల్ రూములు తెరుస్తారు, కోస్తాలో జనాన్ని తరలిస్తారు. మన ఏర్పాట్లన్నీ గాలిని, సముద్రాన్ని చూసి చేసుకున్నవి. 1977 దివిసీమ ఉప్పెన దెబ్బ అలాంటిది మరి. తిరుపతికి ముప్పు ఉత్తరాన కొండ మీంచి వస్తుంది, గాలితో పనిలేదు.

మొదట వెస్ట్ చర్చి రైల్వే అండర్ బ్రిడ్జి దగ్గరికి వెళ్ళాం. ఊరు ఉత్తరం నుంచి దక్షిణానికి వాలు. కొండ నుంచి కపిలతీర్థం, మాల్వాడి గుండం మీదుగా దిగిన నీళ్ళు ఊరు దాటి స్వర్ణముఖిలో కలవాలి. మధ్యలో రైలు కట్ట అడ్డం. దాటడానికి దొరికిన పల్లపు దారులు ఈ అండర్ బ్రిడ్జిలే. 2021 అక్టోబర్‌లో, అంటే పెద్ద వరదకు దాదాపు నెల ముందు, దర్శనానికి వచ్చిన కుటుంబం కారు ఇక్కడే నీళ్ళలో చిక్కుకుంది. పెళ్ళయిన కొత్తల్లో ఉన్న ఒక అమ్మాయి చనిపోయింది. ఊరు మునగబోతోందని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పాలి?

మధ్యాహ్నం ఒకటిన్నరకు బ్రిడ్జి కింద నీడకి ఇద్దరు ఆటో డ్రైవర్లు బండ్లు ఆపుకుని కునుకు తీస్తున్నారు. పక్కగా వెళ్ళే కాలవలోకి మా ఫోటోగ్రాఫర్ దిగాడు. మోచేతి లోతు బురద, దాని మీద పాల ప్యాకెట్లు, ఒక పరుపు, టెంకాయ పీచు. "అక్కా, దీంట్లో నీళ్ళు యాడికి పోతాయి?" అన్నాడు పైకి చూస్తూ. నిద్ర లేచిన డ్రైవర్ ఒకాయన జవాబిచ్చాడు: "పోవు సామీ. అందుకే మేం వానొస్తే ఇటు రాము."

సాయంత్రం ఎం.ఆర్.పల్లి వైపు శ్రీకృష్ణ నగర్. ఆ వరద తర్వాత ఇక్కడ ఒకరి ఇంట్లో భూమిలో దించిన సిమెంటు ఒరల నీళ్ళ తొట్టి, లోపల ఒకావిడ శుభ్రం చేస్తుండగానే, నేలను చీల్చుకుని పైకి లేచి నిలబడింది. ఆవిడ దెబ్బలతో బయటపడింది. ఆ తర్వాత కొన్నాళ్ళు వింత చూడ్డానికి ఊరంతా కదిలొచ్చింది. దేవుడి మహిమ అన్నవాళ్ళున్నారు, భూకంపం అన్నవాళ్ళున్నారు. భూగర్భ శాస్త్రం పంతుళ్ళు వచ్చి చెప్పింది వేరు: ఇసుక నేల వాన నీటితో ఊరిపోయి ఉంది, తొట్టి ఖాళీ చేయగానే తేలికైపోయింది, చుట్టూ ఉన్న నీళ్ళు దాన్ని పైకి నెట్టాయి. ఖాళీ బిందెను నీళ్ళలో ముంచి వదిలితే ఏమవుతుందో అదే. ఊరి కింద అంత నీరు చేరిందంటే, పైన దారి దొరకని నీళ్ళు ఎక్కడ కూర్చున్నాయో అర్థమవుతుంది. నాకు మాత్రం ఆ నెల ఫోటోలన్నిటిలోకీ ఇదే అసలైన వరద ఫోటో అనిపిస్తుంది.

మంగళవారం, తిరుమల

పై ఘాట్ రోడ్డులో బస్సెక్కాం. మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు. ఎక్కే రోడ్డు 1974లో వచ్చింది. 2021 డిసెంబర్ 1న బండరాళ్ళు విరిగి పడింది దీని మీదే. ఆ రోజు ఒక బస్సు క్షణాల్లో తప్పించుకుంది. నవంబర్ 18 రాత్రి రెండు ఘాట్లూ ఆపేశారు. అలిపిరి మెట్ల మీద నీళ్ళు జలపాతంలా దూకాయి. శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి 2022 మే దాకా మూతపడింది.

ఇప్పుడు చూస్తే ఆ గాయాలు వెతుక్కోవాల్సిందే. కొండ చరియలకు ఇనుప వలలు, కొత్త గోడలు, సిమెంటు పూత. ఐఐటీల నుంచి నిపుణులు వచ్చి చూసి వెళ్ళారు. దేవస్థానానికి ఇంజినీర్లున్నారు, డబ్బుంది, రోడ్డు మూసేస్తే ఆ పూట నుంచే ప్రపంచమంతా అడుగుతుంది. పని త్వరగా అయింది, బాగా అయింది. కొండ మీద కురిసిన ఆ నీళ్ళే కిందికి దిగాక అడిగేవాళ్ళు తగ్గిపోతారు.

దర్శనం చేసుకోకుండా దిగుతున్నామని మా ఫోటోగ్రాఫర్ బస్సంతా సణిగాడు.

బుధవారం, రాయలచెరువు

ఈ ప్రయాణంలో నేను ఎక్కువసేపు ఉండిపోయింది ఇక్కడే. రామచంద్రాపురం మండలం, తిరుపతికి దగ్గర. రాయల కాలంలో కట్టించారని చెప్పుకునే చెరువు. చుట్టూ కొండలు, మధ్యలో పెద్ద కట్ట. మే నెల కాబట్టి నీళ్ళు నడిమికి కుంచించుకుపోయి, అంచుల్లో బీటలు వారిన బంకమట్టి మీద గేదెలు మేస్తున్నాయి. 2021 నవంబర్ మూడో వారంలో ఇది నిండి, కట్టకు బుంగ పడింది. దిగువ ఊళ్ళను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలు వేశారు. కట్ట నిలబడింది. నిలబడింది కాబట్టి పేపర్లలో అది నాలుగు రోజుల వార్తగానే మిగిలింది. తెగి ఉంటే దాని పేరు ఇప్పటికీ వినబడేది.

మాతో వచ్చిన చంద్రగిరి విలేకరి అన్న ఒక పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన నాయన ఈ చెరువుకు నీరుగంటి. తూము తెరవడం, మూయడం, ఆయకట్టుకు వంతులు చూడడం, వానొస్తే రాత్రిపూట కట్ట మీద తిరగడం ఆయన పని. కోతల్లో రైతులు గింజలు కొలిచేవాళ్ళు. మేం కట్ట మీద నడుస్తుంటే పెద్దాయన చేతికర్రతో అక్కడక్కడా పొడిచి చూపించాడు.

"ఇది చూడమ్మా, పందికొక్కు బొక్క. ఇది చీమల పుట్ట. ఆ సర్కారు తుమ్మ చెట్టు చూసినావా, దాని వేరు కట్ట లోపలికి పోయింటాది. చెట్టు కొట్టేస్తే వేరు కుళ్ళి అదే దోవ అయితాది. ఎండాకాలంలో మా నాయన ఇవన్నీ బంకమట్టితో పూడ్చేవాడు."

"బుంగ పడిందని ఎట్లా తెలుస్తుంది తాతా?"

"కట్ట అన్నాక నీళ్ళు ఊరతానే ఉంటాది. ఊరే నీళ్ళు తేటగా ఉంటే ఏం కాదు. ఎర్రగా వచ్చినాయా, లోపల మన్ను కొట్టుకొని వస్తా ఉందని. అప్పుడు చూసుకుంటా నిలబడకూడదు, ఊరోళ్ళను లేపాల."

ఆ రాత్రి గ్రామస్తులు గమనించిందీ అదే, అధికారులకు ఫోన్లు చేసిందీ అందుకే అని ఆయన మాట. కట్ట మందం, నీటి ఒత్తిడి గురించి ఇంజినీరింగ్ పుస్తకాలు చెప్పే విషయం కూడా ఇదే. కాకపోతే ఇప్పుడు చీకట్లో లాంతరు పట్టుకుని ఆ రంగు చూసే మనిషి ఎవరూ లేరు. నీరుగంటి పదవి పోయింది. 1997లో రైతుల నీటి సంఘాల చట్టం వచ్చింది. సంఘానికి అధ్యక్షుడుంటాడు, మీటింగులుంటాయి. వాన రాత్రి కట్ట మీద నడవడం అనే పని మాత్రం ఎవరి పేరు మీదా రాసిలేదు.

దిగువ ఊళ్ళో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మజ్జిగ ఇచ్చిన ఆవిడ ఆ రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టింది. జీపులో మైకు పెట్టుకుని వచ్చి ఖాళీ చేయమన్నారట. బస్సులు కూడా తెచ్చారట. ఆవిడ ఎక్కలేదు.

"ఎట్ల ఎక్కేది పాపా? మూడు జెర్సీ ఆవులుండాయి. ఒకటి చూలుతో ఉండాది. బస్సులో ఆవుల్ని ఎక్కించుకుంటారా? మా ఆయన, పిల్లోళ్ళు పోయినారు. నేను ఆవుల్ని పట్టుకొని గుట్టెక్కినా."

రాత్రంతా వానలో గుట్ట మీద నిలబడిందట. అలాంటి వాళ్ళు ఒక్కరు కాదని పక్కింటావిడ అందుకుంది. పునరావాస కేంద్రం అంటే మన లెక్కలో స్కూలు, సాంబారన్నం, దుప్పటి. చిత్తూరు ప్రాంతంలో ఇంటి బతుకు సగం పాల మీదే నడుస్తుంది. పశువులకు చోటు, గడ్డి చూపించకుండా ఊరు ఖాళీ చేయమంటే సగం ఊరే ఖాళీ అవుతుంది. ఇది ఎవరి నిర్లక్ష్యమో కూడా కాదు, అడగాలని ఎవరికీ తట్టలేదు అంతే. నేను 'నిర్లక్ష్యం' అనే హెడ్డింగ్ నోట్‌బుక్‌లో ముందే రాసుకుని వచ్చాను, దాన్ని అక్కడే కొట్టేశాను.

సాయంత్రం ఒక మండల కార్యాలయంలో విపత్తు ప్రణాళిక ఫైలు చూడనిచ్చారు. మర్యాదగానే చూపించారు. వెనక పేజీల్లో అత్యవసర ఫోన్ నంబర్ల పట్టిక ఉంది. బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి వరసగా చేశాం. ఒకాయన బదిలీ అయి అనంతపురంలో ఉన్నాడు. ఒక నంబర్ పని చేయడం లేదు. ఇంకో నంబర్ ఎత్తిన కుర్రాడు తను హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తున్నానని, ఆ సిమ్ ఈ మధ్యే కొన్నానని చెప్పి, "వరదంటున్నారు, ఎక్కడండీ?" అని కంగారుపడ్డాడు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం జిల్లా ప్రణాళికను ఏటేటా సరిచూసుకోవాలని చెబుతుంది. కాగితం మీద తేదీ ఏటేటా మారుతూనే ఉంది.

గురువారం, చెయ్యేరు

ఇది తిరుపతి కాదు, రాజంపేట వైపు. కానీ దీన్ని వదిలితే ఆ వరద సగమే అర్థమవుతుంది. కరకంబాడి, బాలపల్లె అడవి, కోడూరు మామిడి తోటలు దాటుకుంటూ వెళ్ళాం. చెయ్యేరుకు నీళ్ళు పింఛా, బాహుదా నదుల నుంచి వస్తాయి. అప్పటి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో కురిసిన వాన అది. అది కడప జిల్లాలోకి దిగి, ముందు పింఛా కట్టను, ఆ తర్వాత 19వ తేదీ తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కొట్టుకుపోయింది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. శివాలయంలో దీపాలు పెట్టడానికి వెళ్ళినవాళ్ళు, ఆర్టీసీ బస్సుల్లో ఉన్నవాళ్ళు నీళ్ళలో చిక్కుకున్నారు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట పేర్లు అప్పుడే రాష్ట్రమంతా విన్నది.

ప్రాజెక్టుకు 5 గేట్లు. అందులో ఒకటి అంతకు ముందు ఏడాది నివర్ తుపాను నాటి నుంచి పనిచేయడం లేదు. ఆ గేటు సంగతి 2021 డిసెంబర్‌లో కేంద్ర జలశక్తి మంత్రి షెకావత్ పార్లమెంటులోనే ఎత్తి, రాష్ట్రానిదే తప్పన్నారు. అదనపు నీళ్ళు వదిలే స్పిల్‌వే 2 లక్షల పైచిలుకు క్యూసెక్కులకు కట్టింది, వచ్చింది 3 లక్షలు దాటిన వరద, ఎవరేం చేయగలరని రాష్ట్రం జవాబు. రెండూ నిజమే కావచ్చు. కానీ ఆ రెండు వాదనల మధ్య ఒక ప్రశ్న జారిపోయింది: పైన చిత్తూరులో వాన ఎంత పడుతోందో కింద కడపలో గేట్లు ఎత్తి దించే లస్కర్‌కు ఎన్ని గంటలకు చెప్పారు? ఎవరు చెప్పాలి? నీటికి జిల్లా సరిహద్దు తెలియదు, ఫైలుకు మాత్రం బాగా తెలుసు.

ఇసుక మేటలు వేసిన పొలాల్లో చాలా వరకు మళ్ళీ పైరు పెట్టారు. తెగిన కట్ట చోట నది సన్నగా, అమాయకంగా పారుతోంది. ఒక రైతు బోరు మునిగిన చోటు చూపిస్తానని ఎండలో కిలోమీటరు నడిపించాడు. ఇసుకలోంచి పైపు మొన జానెడు పైకి పొడుచుకుని ఉంది. దాని మీద కాకి.

తిరుగు దారిలో విలేకరి అన్న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ సంగతి ఎత్తాడు. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ కొట్టినప్పుడు ఆ ఊరి కాలువల గోడలు కూలి నూటికి ఎనభై పాళ్ళు మునిగింది, ఆ హరికేన్ మొత్తానికి వెయ్యి మందికి పైగా పోయారు. అక్కడి టైమ్స్ పికయూన్ పత్రిక 2002లోనే వరసగా కథనాలు వేసి ఇదే జరుగుతుందని చెప్పింది. 2004లో 'పామ్' అని ఊహా తుపాను పేరు పెట్టి అధికారులే మాక్ డ్రిల్ చేశారు. ఏడాది తిరిగాక అసలైంది వచ్చింది. ఆ పత్రిక వాళ్ళు పేపరు వేసే లారీల్లో ఎక్కి ఆఫీసు వదిలి, ఇంటర్నెట్‌లోనే పత్రిక నడిపి, తర్వాత గోడల కట్టుబడిలో లోపాలు తవ్వి తీసి 2006లో అమెరికా పత్రికల వాళ్ళకిచ్చే పెద్ద బహుమతి పులిట్జర్ తెచ్చుకున్నారు. "ముందు రాసినందుకు ఏమీ రాలేదు, తర్వాత రాసినందుకు బహుమానం వచ్చింది. మన గతీ అంతే కదా" అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రాసిన తర్వాత ఆ పత్రిక ఏం చేసి ఉండాల్సింది అని కోడూరు దాటే దాకా ఆలోచిస్తూ వచ్చాను. మూడేళ్ళ పాటు ప్రతి నెలా అదే గోడ దగ్గరికెళ్ళి అదే ఫోటో వేయాలేమో. ఏ ఎడిటర్ ఒప్పుకుంటాడు?

శుక్రవారం, తిరుచానూరు నుంచి శ్రీకాళహస్తి

స్వర్ణముఖిలో చుక్క నీరు లేదు. అప్పట్లో ఒడ్డున ఒక ఇల్లు అమాంతం నదిలోకి ఒరిగిపోయిన వీడియో అందరూ చూసిందే. అక్కడికి దగ్గర్లో మళ్ళీ పిల్లర్లు లేస్తున్నాయి, నది వైపు బాల్కనీతో. ఏట్లో ఇసుక తవ్విన గుంతల్లో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి లోతు గుంతలో పడితే ఔట్ అట. కాళహస్తి చేరేసరికి వడగాలి. గుడి వెనక మెట్ల మీద కాసేపు కూర్చుని, ఇక చాలనుకుని వెనక్కి తిరిగాం.

శనివారం, చిత్తూరు

చిత్తూరు రోడ్డులో గాదంకి దగ్గర ఆగాం. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఇక్కడే ఉంది. 1990ల నుంచి పనిచేస్తున్న ఎంఎస్‌టీ రాడార్ ఆకాశంలోకి కిలోమీటర్ల ఎత్తున గాలుల పోకడ చూస్తుంది. శ్రీహరికోటలో డాప్లర్ రాడార్ ఉంది, చెన్నైలో ఉంది. ఇంతమంది ఆకాశం వైపు చూస్తున్న ప్రాంతం దక్షిణాదిలో మరొకటి ఉండదేమో. వాన వస్తుందన్న కబురు 2021లో ముందే వచ్చింది కూడా. రాడార్ చెప్పిన మాట కట్ట మీదికి, అండర్ బ్రిడ్జి దగ్గరికి, గుట్టెక్కిన ఆవుల దాకా నడిచి రావడానికే దారి లేదు.

దామలచెరువులో మామిడి మండీ మొదలైంది. తోతాపురి లారీలు రోడ్డు మీద బారులు. ఇద్దరం చెరో డజను కొన్నాం, నీవా నది వంతెన దాటేలోపు మా ఫోటోగ్రాఫర్ రెండు తినేశాడు.

చిత్తూరులో మా పని సమాచార హక్కు దరఖాస్తులు ఇవ్వడం. రెండు రాసుకొచ్చాం. మొదటిది: 2021 నవంబర్ 17 నుంచి 20 దాకా జిల్లా నుంచి కడప జిల్లాకు, ప్రాజెక్టులకు వెళ్ళిన వర్షపాతం, వరద హెచ్చరికల నకళ్ళు, పంపిన సమయంతో సహా. రెండోది: రాయలచెరువు కట్ట, తూము, నిండిన నీళ్ళు పొర్లిపోయే మొరవల మరమ్మతుకు ఆ తర్వాత మంజూరైన పనులు, వాన కాలంలో కట్ట కాపలా ఎవరి బాధ్యత అన్న ఉత్తర్వు.

కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి రెండూ ఓపిగ్గా చదివాడు. మొదటి దానికి 10 రూపాయల ఫీజు తీసుకుని రసీదు ఇచ్చాడు. రెండో కాగితం వెనక్కి జరిపాడు.

"ఇది తిరుపతిలో ఇవ్వాల మేడం. 2022 ఏప్రిల్‌లో జిల్లా వేరైంది కదా. చెరువు ఆ పక్కకు పోయింది."

"వరదప్పుడు మీ జిల్లానే కదండీ. ఆ ఫైళ్ళు?"

"పాతవి కొన్ని ఈడుంటాయి, కొన్ని ఆడికి పంపినాం. యావి యాడున్నాయో చూడాల. చూసేదానికి కూడా మీరు ఒక అర్జీ పెట్టాల."

తెల్ల కాగితం అడిగి, కిటికీ గట్టు మీద పెట్టుకుని మూడో దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను: రాయలచెరువుకు సంబంధించిన ఏ ఫైళ్ళు తిరుపతికి పంపారు, ఏ తేదీన, ఎవరు అందుకున్నారు. జవాబుకు 30 రోజుల గడువు. మన వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్‌లో మొదలవుతాయి కాబట్టి, ఒక అప్పీలు వేసుకోవడానికి కూడా టైం ఉంది.